సెల్‌ఫోనులో క్రొత్త సాఫ్ట్‌వేరు: పిదప వచ్చెడి చిక్కులు, వాని నివారణోపాయములు

రైతునకు నాగలియు కాడియు పారయు నెట్టి పనిముట్లో, నేడు సెల్‌ఫోనును అట్టి పనిముట్టే యైనది. వాన వచ్చునో రాదో దానిలోనే చూచుకొందుము. ఎరువుల కొట్టులో బాకీ దానితోనే చెల్లింతుము. పీఎం కిసాన్ సొమ్మునకు కావలసిన ఈ-కేవైసీ దానిలోనే పూర్తి చేసికొనవచ్చును. 2025 జనవరి 30వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ దానిద్వారానే అందును. ఆ సంవత్సరమే భారత పత్తి కార్పొరేషను ‘కపాస్ కిసాన్’ అను యాపును ప్రవేశపెట్టి, మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు తన పేరు నమోదు చేసికొనుటకును, సరకు తెచ్చు దినమును ముందుగా నిశ్చయించుకొనుటకును దానినే సాధనముగా జేసెను. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టపొలములలో పత్తియు మిరపయు ప్రధానములగు పైరులు గావున, ఈ ఫోను ఒక దినము పనిచేయకున్నను రైతునకు కలుగు నష్టము స్వల్పము గాదు. స్లాటు తప్పినచో పత్తి ఇంటనే నిలిచిపోవును. లేదా వచ్చిన ధరకు దళారికి పోవును.

ఇట్టి ఫోను తనంతట తానే ‘క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినది, వేసికొందువా?’ యని యడుగును. అవునని నొక్కుదుము. మఱునాడు చూచిన తెఱ వేఱుగా నుండును; ఒక యాపు తెఱువబడదు; ఛార్జింగు సాయంకాలము వఱకు నిలువదు; బ్యాంకు యాపు మఱల మొదటినుండి వివరములు అడుగును. అప్పుడు కొందఱు భయపడి బజారునకు పరుగెత్తి, అడిగినంత సొమ్మిచ్చి, ఫోనులోని సర్వమును తుడిపించుకొని వచ్చుచున్నారు. మఱికొందఱు ‘ఇక అప్‌డేటు జోలికి పోము’ అని ఒట్టు పెట్టుకొనుచున్నారు. రెండును సరి కావు. ఈ చిక్కులలో మిక్కిలి భాగము రైతు తన యింట కూర్చుండి, ఒక్క పైసా వ్యయము లేక, తీర్చుకొనదగినవే. కావలసినదెల్ల ఒక క్రమము. ఆ క్రమమును మన సభ్యులకు తెలుపుటయే మా యుద్దేశము.

అప్‌డేటు అననేమి?

ఫోనులో రెండు తరగతుల సాఫ్ట్‌వేరు గలదు. ఫోనునంతను నడపు మూలసాఫ్ట్‌వేరు మొదటిది. ఆండ్రాయిడ్, ఐఫోనులలోని ఐఓఎస్ అనునవి యట్టివి. దానిపై ఆధారపడి పనిచేయు యాపులు రెండవది. మూలసాఫ్ట్‌వేరు పెద్దకాలువ వంటిది. యాపులు పంటబోదెల వంటివి. సాగరు ఎడమ కాలువలో నీటిమట్టము మాఱినప్పుడు బోదెల తూములను గూడ సరిచూచుకొననిచో చివరి పొలమునకు నీరందదని మనయెడ తెలియనివారు లేరు. ఫోనునందును అంతియే. మూలము మాఱినది, యాపులు ఇంకను పాతమట్టముననే యున్నవి. అప్‌డేటు పిదప వచ్చు చిక్కులలో హెచ్చుభాగమునకు కారణ మిదియే.

మఱియొక సంగతి. అప్‌డేటు ముగిసి ఫోను వెలిగినంతమాత్రమున దాని పని ముగిసినట్లు కాదు. లోపల నది యాపులనన్నిటిని క్రొత్త పద్ధతికి అనుకూలముగా మఱల సిద్ధము చేసికొనుచుండును. ఫోటోలకు పట్టికలు వ్రాసికొనుచుండును. ఆ రెండు మూడు దినములలో ఫోను వేడెక్కుటయు, ఛార్జింగు త్వరగా తఱుగుటయు సహజము. ఐఫోను చేయు ఆపిల్ సంస్థయు ఈ విషయమును బహిరంగముగనే తెలిపియున్నది. కావున మొదటి దినముననే బ్యాటరీ చెడినదని నిశ్చయించి క్రొత్త బ్యాటరీ కొనుట తొందరపాటు. రాత్రి ఛార్జింగునకు పెట్టి, వైఫై యున్న దానికి తగిలించి, రెండు రాత్రులు వదలిపెట్టి చూడవలెను.

అప్‌డేటు వలదనుట మేలా?

మేలు కాదు. దీనికి మన తెలుగక్షరమే సాక్ష్యము. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను తెలుగక్షరము సందేశముగా వచ్చినంతనే ఐఫోనులలోని యాపులు మూతపడుచుండెను. లోకమంతట ఐఫోనులు గలవారికి, తెలుగు చదువుట రానివారికిని, మన యక్షరమువలన చిక్కు కలిగెను. లోపము అక్షరమున లేదు. ఆ యక్షరమును తెఱపై కూర్చు సాఫ్ట్‌వేరున నుండెను. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 అను అప్‌డేటు విడుదల చేయగా ఆ బాధ తొలగెను. అప్‌డేటు రోగమని తలచువారు అది మందుగూడ నగునని యెఱుగవలెను.

ఇంకొక యుదాహరణము. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్ కంప్యూటర్లలోని ఒక లోపమునకు సవరణ పంపెను. దానిని వేసికొననివారు పెక్కుమంది. మే 12వ తేదీన ‘వాన్నాక్రై’ అను దుష్ట సాఫ్ట్‌వేరు ఆ లోపముగుండ జొరబడి, దేశదేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు సొమ్మడిగెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లును కొన్ని దాని వాతబడెను. సవరణ రెండు నెలల ముందే వచ్చియున్నది. వేసికొననందుననే నష్టము గలిగెను. బ్యాంకు లావాదేవీలు ఫోనుననే చేయు రైతు, తలుపు గడియ విఱిగినదని తెలిసియు బాగుచేయింపక నిద్రించుట తగదు.

అట్లని ప్రతి అప్‌డేటును వచ్చిన గడియలోనే వేసికొనవలెనని మేము చెప్పము. 2020 డిసెంబరు తుదిని షావొమీ సంస్థ ఎంఐ ఏ3 ఫోనులకు పంపిన ఆండ్రాయిడ్ 11 అప్‌డేటువలన పలువురి ఫోనులు వెలుగక నిలిచిపోయెను. సంస్థ దానిని నిలిపివేసి, వారంటీ కాలము గడచిన ఫోనులను గూడ తన సర్వీసు కేంద్రములలో ఉచితముగా బాగుచేయుదుమని ప్రకటింపవలసివచ్చెను. కావున మధ్యమార్గ మొకటి కలదు. చిన్న రక్షణ సవరణలను వెంటనే వేసికొనవలెను. ఆండ్రాయిడ్ సంఖ్యయే మాఱు పెద్ద అప్‌డేటు వచ్చినప్పుడు ఒకటి రెండు వారములు ఆగి, అదే రకము ఫోనుగల యిరుగుపొరుగువారికి ఎట్లున్నదో విచారించి, అటుపిమ్మట వేసికొనవలెను.

దినమును గూడ ఎంచుకొనవలెను. పత్తి అమ్మకపు స్లాటు ఉన్న వారమున వలదు. మిరప కల్లము మీద నుండి బేరములు సాగునప్పుడు వలదు. తుపాను హెచ్చరిక యున్నప్పుడు వలదు. 2023 జులైలోను, 2024 సెప్టెంబరులోను మున్నేరు పొంగి నందిగామ చెంత ఐతవరమువద్ద హైదరాబాదు–విజయవాడ రహదారి తెగినప్పుడు, ఇంటివారి క్షేమము తెలిసికొనుటకు ఫోను దక్క వేఱుదారి లేకపోయెను. అట్టి సమయమున అప్‌డేటుచే ఫోను నిలిచినచో ఎవరిని పిలుతుము? పనులు తీఱిన దినమున, కరెంటు నిలకడగానున్న వేళ చేసికొనుట యుక్తము.

ముందుగా చేయవలసిన ఐదు పనులు

మొదటిది, గూగుల్ అకౌంటు పేరును పాస్‌వర్డును తెలిసికొనుట. ఇది యన్నిటికంటె ముఖ్యము. మనలో పెక్కుమంది ఫోనులలో ఆ యకౌంటును కొన్ననాడు కొట్టువాడో, పట్నములో చదువు కుమారుడో తెఱచియుందురు. రైతునకు దాని పేరైనను తెలియదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఒక రక్షణ యేర్పడినది. దొంగ ఫోనును తుడిచి వాడుకొనకుండుటకై, బటనులు నొక్కి బలవంతముగా తుడిచిన ఫోను మఱల తెఱచునపుడు పూర్వపు అకౌంటు పాస్‌వర్డును గాని, పాత తాళపు అంకెలను గాని అడుగును. తెలియనిచో ఫోను రాయితో సమానము. దొంగకై వేసిన తాళము యజమానికే అడ్డుపడును. కావున పాస్‌వర్డును ఇంట భూమి కాగితములు దాచుచోట ఒక చీటీపై వ్రాసి యుంచవలెను; ఫోను తొడుగులో దాచరాదు.

రెండవది, పేర్లు, ఫోను నంబర్లు గూగుల్ అకౌంటులో చేరియున్నవో లేదో చూచుకొనుట. ఫోనులోనే యున్న నంబర్లు ఫోనుతోనే పోవును.

మూడవది, వాట్సాప్ బ్యాకప్ తీయుట. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘చాట్స్’, అందులో ‘చాట్ బ్యాకప్’ అనుచోట తుది బ్యాకప్ తేదీ కనబడును. అది నెలలనాటిదైనచో అప్పుడే మఱల తీయవలెను.

నాలుగవది, పట్టాదారు పాసుపుస్తకము, పంటనష్టపు ఫోటోలు, సంఘపు రసీదులు మొదలగువాని ఫోటోలను కుటుంబములోని మఱియొకరి ఫోనునకు పంపి యుంచుట.

ఐదవది, ఛార్జింగు సగమునకు మించియుండునట్లును, ఫోనులో కొంత ఖాళీ చోటుండునట్లును చూచుకొనుట. ప్రతి ఉదయము వచ్చు ‘శుభోదయము’ బొమ్మలును, పెండ్లి వీడియోలును తీసివేసినచో చాలమంది ఫోనులలో కావలసినంత చోటు దొరకును. అప్‌డేటు ఎక్కుచుండగా ఫోను ఆర్పరాదు.

చికిత్సా క్రమము

ఆకు ముడుచుకొన్నదని చూచినంతనే మందు కొట్టు రైతు, తెగులేదో తామరపురుగేదో నీటియెద్దడియేదో తెలియక డబ్బును పైరును గూడ చెఱచుకొనును. ఫోను విషయమునను సూత్రమొక్కటే: ఏమియు పోగొట్టని చికిత్సతో మొదలుపెట్టవలెను, సర్వమును పోగొట్టు చికిత్సను చివరకు ఉంచవలెను. ఒక్కొక్కటి చేసి, ఫలితము చూచి, చాలనిచో రెండవదానికి పోవలెను.

1. ఆర్పి వెలిగించుట. ఫోనును రీస్టార్ట్ చేయవలెను. ఇది యల్పముగ దోచును గాని పెక్కు చిక్కులు దీనితోనే తీఱును. ఫోను బిగుసుకొని తెఱ కదలనిచో, పవరు బటనును, శబ్దము తగ్గించు బటనును కలిపి పదిపదునైదు సెకనులు నొక్కి పట్టినచో అనేక ఫోనులు తమంతట మఱల వెలుగును.

2. యాపులను అప్‌డేటు చేయుట. కాలువ మాఱినది గావున తూములు సరిచేయుట ఇది. ప్లే స్టోరు తెఱచి, తన బొమ్మపై నొక్కి, యాపుల నిర్వహణలోనికి పోయి, అన్నిటిని అప్‌డేటు చేయవలెను. 2021 మార్చిలో లోకమంతట ఆండ్రాయిడ్ ఫోనులలో యాపులు తెఱచినంతనే మూతపడసాగెను. కారణము ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ అను కనబడని యొక చిన్న భాగమున లోపము. గూగుల్ సంస్థ సరిచేసి పంపిన వెబ్‌వ్యూను, క్రోమును ప్లే స్టోరునుండి వేసికొనగనే అవి యన్నియు బాగుపడెను. ఆ దినమున తొందరపడి ఫోనంతయు తుడిచినవానికి, ఒక్క బోల్టు బిగింపవలసినచోట ఇంజనునే తీసిపాఱవేసినట్లగును.

3. అనుమతులు చూచుట. ఇది రైతులకు ప్రత్యేకముగ తగులు చిక్కు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 మొదలుకొని, కొన్ని నెలలు తెఱువని యాపునకు పూర్వమిచ్చిన అనుమతులను ఫోను తానే ఉపసంహరించును. పట్నవాసి తన యాపులను దినదినము వాడును. మన యాపులు పంటకొకసారి, ఏటికొకసారి వాడునవి. కావున పత్తి తీయునాటికి పత్తి యాపు కెమెరాను తెఱువలేదు, స్థానము తెలిసికొనలేదు. చెడినది యాపు గాదు, అనుమతి లేకపోయినది. సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ అనుచోట ఆ యాపును నొక్కి, ‘పర్మిషన్స్’ తెఱచి, కెమెరా, స్థానము మొదలగు కావలసినవాని నిచ్చినచో చాలును.

స్థానము విషయమున మఱియొక మెలకువ. 2021లోని ఆండ్రాయిడ్ 12 నుండి యాపునకు ఖచ్చితమైన స్థానమును గాని, ఉజ్జాయింపు స్థానమును గాని ఇచ్చు వెసులుబాటు కలదు. ఉజ్జాయింపు మాత్రమే ఇచ్చియున్నచో పొలము హద్దులు చూపవలసిన యాపు మఱియొక పొలమును చూపవచ్చును. ‘ప్రిసైజ్ లొకేషన్’ అనుదానిని తెఱచి యుంచవలెను. అట్లే 2022లోని ఆండ్రాయిడ్ 13 నుండి, మోగి తెలుపుటకు గూడ యాపులు అనుమతి యడుగవలెను. సందేశములు వచ్చుచున్నను ఫోను మోగకున్నచో ‘నోటిఫికేషన్స్’ అనుచోట చూడవలెను.

4. సిగ్నలు, ఇంటర్నెట్టు సరిచూచుట. విమానపు గుర్తును ఒకసారి నొక్కి, కొంతసేపటికి తీసివేయవలెను. రెండు సిమ్ములు గలవారు ఇంటర్నెట్టునకు ఏ సిమ్ము నిర్ణయింపబడియున్నదో చూడవలెను. జియో సిమ్మునకు 2జీ, 3జీ సేవలు లేవు. మాటలు గూడ 4జీ, 5జీ మార్గముననే పోవును. కావున ‘వోల్టీ’ అను మీట ఆరియున్నచోగాని, నెట్‌వర్కు రకము 2జీకో 3జీకో మాఱియున్నచోగాని ఫోను పలుకదు. ఇంకను కుదురనిచో నెట్‌వర్కు సెట్టింగ్స్ రీసెట్ చేయవచ్చును. దానివలన వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోవును. ఫోటోలకు, నంబర్లకు హాని లేదు.

5. సేఫ్ మోడ్. ఫోను ఆర్పు గుర్తును నొక్కిపట్టినచో అనేక ఫోనులలో ‘సేఫ్ మోడ్’ అని కనబడును. ఆ మోడ్‌లో ఫోనుతో వచ్చిన యాపులు మాత్రమే నడచును. మనము వేసికొన్నవి నిద్రించును. అప్పుడు ఫోను చక్కగ నున్నచో దోషము మనము వేసికొన్న యాపులలో నున్నదన్నమాట. రీస్టార్ట్ చేసి, తుదిగా వేసికొన్నదానితో మొదలిడి ఒక్కొక్కటి తీసి చూడవలెను. మందలో ఏ పశువు పొడుచుచున్నదో తెలియుటకు ఒక్కొక్కదానిని వేఱుచేసి కట్టుట వంటిది ఇది.

6. క్యాష్ తుడుచుట. యాపు వివరములలో స్టోరేజి అనుచోట రెండు మీటలుండును. ‘క్లియర్ క్యాష్’ అనునది చెత్తను మాత్రము ఊడ్చును, భయము లేదు. ‘క్లియర్ డేటా’ లేక ‘క్లియర్ స్టోరేజి’ అనునది ఆ యాపులోని సర్వమును తుడుచును. వాట్సాప్‌నకు ఇది చేసినచో బ్యాకప్ లేని సందేశములు తిరిగి రావు. ఈ రెంటి భేదము తెలియనివాడు మొదటిదానితోనే ఆగవలెను.

7. ఫ్యాక్టరీ రీసెట్. ఇది కట్టకడపటిది. ఫోను కొన్ననాటి స్థితికి పోవును. ఫోటోలు, సందేశములు, యాపులు అన్నియు పోవును. పైన చెప్పిన ఐదు పనులు పూర్తియైనగాని దీనికి ఒప్పుకొనరాదు. ‘రీసెట్ కొట్టిన అదే సరియగును’ అని యెవరైన ఫోను చేతికి తీసికొనినచో, ముందుగా ‘నా ఫోటోల మాట యేమి?’ అని అడుగవలెను.

బ్యాంకు, యూపీఐ యాపుల సంగతి

యూపీఐ యాపు ఫోనును, సిమ్మును, బ్యాంకు ఖాతాను ముప్పేటగా ముడివేసికొని పనిచేయును. పెద్ద అప్‌డేటు పిదప ఆ ముడి సడలినట్లు తోచి, మఱల నమోదు చేయుమని యడుగవచ్చును. అప్పుడు బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ము ఆ ఫోనులోనే యుండవలెను. ఆ సిమ్మునుండి ఒక సందేశము పోవును గావున దానిలో రీఛార్జి యుండవలెను. క్రొత్తగా నమోదైన మొదటి 24 గంటలలో పంపదగు సొమ్మునకు తక్కువ పరిమితి యుండును. ఎరువులకు పెద్దమొత్తము చెల్లింపవలసినవారు దీనిని లెక్కలో నుంచుకొనవలెను.

ఫోను పూర్తిగ నిలిచిపోయి, ఆ దినమే ఓటీపీ కావలసివచ్చినచో ఏమి చేయవలెను? ఓటీపీ వచ్చునది సిమ్మునకే గాని ఫోనునకు గాదు. సిమ్మును తీసి ఇంటిలోని మఱియొక ఫోనులో వేసినచో ఓటీపీ దానికి వచ్చును. 4జీ మాత్రమే గల సిమ్మైనచో ఆ ఫోను 4జీ ఫోనై యుండవలెను. ఇంటర్నెట్టు లేక సొమ్ము పంపుటకు *99# అను మార్గము 2014 నుండియు, మీటల ఫోనులకు ‘యూపీఐ 123పే’ అను మార్గము 2022 మార్చి నుండియు కలవు. సిమ్ము కంపెనీ *99# సౌకర్యము నొసగుచున్నదో లేదో తీరికవేళ పరీక్షించి యుంచుకొనుట మంచిది.

తెఱ మాఱినంతమాత్రమున ఫోను చెడినట్లు కాదు

2025 ఆగష్టులో మన దేశమున లక్షలాది ఫోనులలో, ఎవరిని అడుగకయే, కాలు వచ్చినప్పుడు కనబడు తెఱ మాఱిపోయెను. మీటల చోట్లు మాఱెను. ఫోను ఎవరో దొంగిలించి నడుపుచున్నారని భయపడినవారు గలరు. జరిగినది గూగుల్ సంస్థ తన ‘ఫోన్’ యాపు రూపమును మార్చుట మాత్రమే. మూలసాఫ్ట్‌వేరు అప్‌డేటు సైతము కాదు. ఆ యాపు సెట్టింగ్స్‌లో కాలు ఎత్తు పద్ధతిని ప్రక్కకు జరుపుటగనో, ఒక్కసారి నొక్కుటగనో నిర్ణయించుకొను వీలు కలదు. పాతరూపమే కావలసినవారికి ఆ యాపు వివరములలో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ అను మార్గ ముండెను. దీనికి బజారులో చెల్లింపవలసిన కూలి యేమియు లేదు.

‘బాగుచేయుదు’మని వచ్చువారు

ఫోను చిక్కుకంటె పెద్ద చిక్కు ఇది. ఇంటర్నెట్టులో వెదకగా కనబడు ‘కస్టమరు కేరు’ నంబర్లలో మోసగాండ్రవి పెక్కు గలవు. వారు మధురముగ మాటలాడి, ఒక యాపు వేసికొమ్మందురు. ఆ యాపుద్వారా మన తెఱను తమ యింటనుండి చూతురు; మనము నొక్కు పిన్నును, వచ్చు ఓటీపీని గ్రహింతురు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ‘ఎనీడెస్క్’ వంటి యాపులద్వారా జరుగు ఇట్టి మోసమునుగూర్చి బ్యాంకులను హెచ్చరించెను. అట్లే ‘పీఎం కిసాన్’ పేరిట వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి, నొక్కినవాని ఖాతాలు దోచుకొనుట తెలుగు రాష్ట్రములలో జరిగినది. ‘అప్‌డేటు’ అని పేరు పెట్టి యెవరు ఫైలు పంపినను, పంపినవాడు సొంత బావమఱదియైనను, నొక్కరాదు. అతని ఫోను సైతము మోసగాని చేతనుండవచ్చును. మూలసాఫ్ట్‌వేరు అప్‌డేటు సెట్టింగ్స్‌లోనే వచ్చును. యాపు అప్‌డేటు ప్లే స్టోరులోనే వచ్చును. మూడవ మార్గము లేదు.

సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి తెలుపవలెను, బ్యాంకునకును చెప్పవలెను. గట్టు తెగినప్పుడు మొదటి గంటలో వేసిన మట్టిగంప మఱునాటి బండెడు మట్టికంటె మేలు.

ఫోనును బాగుచేయువానికి ఈయక తప్పనిచో, సిమ్మును, మెమరీ కార్డును తీసికొని ఈయవలెను. యూపీఐ పిన్ను చెప్పరాదు. అప్‌డేటువలననే ఫోను నిలిచినదని తోచినచో ముందుగా సంస్థవారి సర్వీసు కేంద్రమునే విచారింపవలెను. తెఱపై ఆకుపచ్చ గీతలు పడుచున్నవని పలువురు ఫిర్యాదు చేయగా, 2024లో వన్‌ప్లస్ సంస్థ మన దేశమున ఆ లోపమునకు జీవితకాలపు హామీ ప్రకటించెను. ఇట్టివి తెలియక ఊరక సొమ్ము పోసి తెఱ మార్పించుకొనువారికి నష్టము. నందిగామనుండియైనను, జగ్గయ్యపేటనుండియైనను విజయవాడకు పోయివచ్చుటకు ఒక దినము పట్టును గాని, ఆ దినపు కూలికంటె తెఱ వెల మిక్కిలి హెచ్చు.

సంఘములు చేయదగినది

2022 జూను 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు ఆమోదము తెలిపెను. సంఘపు లెక్కలు కంప్యూటరులోనికి పోవుచుండగా సభ్యుడు తన ఫోను ముందు నిస్సహాయుడై నిలుచుట సహకారోద్యమమునకు శోభ గాదు. పంట కాలమునకు ముందు ఒక ఆదివారము, చదువుకొను పిల్లలను నలుగురిని సంఘ కార్యాలయమున కూర్చుండబెట్టి, సభ్యుల ఫోనులలో బ్యాకప్, అకౌంటు, అనుమతులు సరిచూపించినచో సంఘమునకు వ్యయము లేదు. సభ్యులకు లాభము మెండు. స్త్రీసభ్యులును, ఒంటరిగానున్న వృద్ధులును ముందుగా పిలువబడవలెను. పాస్‌వర్డులను మాత్రము సంఘము తనవద్ద నుంచుకొనరాదు. ఎవరి తాళపుచెవి వారి మొలలోనే యుండవలెను.

ఆర్పి వెలిగించుట, యాపుల అప్‌డేటు, అనుమతులు, సిగ్నలు, సేఫ్ మోడ్, క్యాష్, తుదకు రీసెట్: ఈ యేడు మాటలను, 1930 నంబరును పెద్ద యక్షరములతో ఒక అట్టపై వ్రాసి కార్యాలయపు గోడకు తగిలింపవలసినదిగా ఉభయ ప్రాంతముల సంఘ కార్యదర్శులను కోరుచున్నాము.